మరపు, మొర, ఊరట: యెషయా 49:14–16 పునఃపఠనం

వ్యాససంగ్రహం:
దేవుడు తన ప్రజలను ఎన్నడూ మరువడన్న భావానికి హీబ్రూ లేఖనాలలో అత్యంత ప్రసిద్ధమైన ఆధారం యెషయా గ్రంథం 49వ అధ్యాయంలోని 14–16 వచనాలు. ఇవి స్వతంత్రమైన ఊరట వాక్యాలుగా గాక, విలాపవాక్యములు గ్రంథం చివరన మిగిలిపోయిన ఒక ప్రశ్నకు సమాధానంగా రూపొందాయనీ, ఆ ప్రశ్నను తొలగించి చదివినప్పుడు సమాధానపు స్వభావమే మారిపోతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తల్లి ఉపమానం, అరచేతి చెక్కడం అనే రెండు ప్రతీకలను మూలపదాల ఆధారంగా పరిశీలించి, తెలుగులోని మొర సంప్రదాయంతో కొంతమేరకు పోల్చి చూస్తుంది.

కీలకపదాలు: యెషయా, విలాపవాక్యములు, మరపు, మొర, అనువాదం, రామదాసు, జాషువ.

1. ప్రవేశిక

తెలుగు క్రైస్తవ కుటుంబాలలో గోడ క్యాలెండర్ల మీద, శుభాకాంక్షల కార్డుల మీద, సమాధి ఫలకాల మీద తరచుగా కనిపించే వచనాలలో యెషయా 49:15 ఒకటి. తల్లి మరచినా దేవుడు మరువడన్నది దాని సారాంశం. అరచేతులను ప్రస్తావించే 16వ వచనం కూడా కొన్నిచోట్ల దానితో కలిసి కనిపిస్తుంది. 14వ వచనం మాత్రం ఎక్కడా కనిపించదు. అందులో సీయోను నగరం స్త్రీ రూపంలో, యెహోవా తనను విడిచిపెట్టాడనీ, ప్రభువు తనను మరచాడనీ నిందమోపుతుంది. 15వ వచనం ఆ నిందకు ప్రత్యుత్తరం.

నిందను దాచి ప్రత్యుత్తరాన్ని మాత్రమే గోడకు తగిలించడంలో దురుద్దేశం ఏమీ లేదు. ఊరట కావలసినవారు ఊరటనిచ్చే మాటనే ఏరుకుంటారు. అయితే ఆ ఏరివేతలో పోగొట్టుకున్నదేమిటన్న ప్రశ్న సాహిత్య విమర్శకూ, ఆ వచనాన్ని ఆశ్రయించే బాధితునికీ సమానంగా అవసరమైనది. తాను మరవబడ్డానని భావించే మనిషికి ఆ మాట పైకి అనే హక్కు లేఖనంలో ఉందా, లేదా అన్నదే ఇక్కడి అసలు సమస్య. ఉందని 14వ వచనం చెబుతుంది. దానిని పక్కన పెట్టినప్పుడు ఊరట అనేది, కన్నీళ్లు పెట్టుకోవద్దనే మందలింపుకు దగ్గరగా జరుగుతుంది.

2. ప్రశ్న పుట్టిన చోటు

యెషయా గ్రంథంలోని 40–55 అధ్యాయాలు బబులోను చెర చివరి దశకు చెందినవని ఆధునిక పండితులలో అధికసంఖ్యాకుల అభిప్రాయం. ఈ భాగపు కర్తను ద్వితీయ యెషయాగా వ్యవహరిస్తారు. క్రీ.పూ. 587/586లో యెరూషలేము పతనమైంది, దేవాలయం దగ్ధమైంది. క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును ఆక్రమించాడు. ఆ కోరెషు పేరు ఈ భాగంలో నేరుగా కనిపిస్తుంది (44:28, 45:1). నగరపతనానికీ ఈ ఊరటకూ నడుమ సుమారు నలభై అయిదేళ్లు, అంటే దాదాపు రెండు తరాల మౌనం ఉంది.

ఆ మౌనానికి సాహిత్యరూపం విలాపవాక్యములు గ్రంథం. అయిదు అధ్యాయాలలో మొదటి నాలుగూ అక్షరక్రమ నిబంధనతో సాగుతాయి. అయిదవదానిలో వర్ణమాలకు సరిపడే 22 వచనాలున్నా ఆ క్రమం ఉండదు. దుఃఖం చివరికి వచ్చేసరికి అక్షరాల పట్టు కూడా జారిపోయిందని చదివే అవకాశం అక్కడ ఉంది. గ్రంథమంతటా దేవుడు నేరుగా మాట్లాడడు. 3:57లో భయపడవద్దన్న ఒక్క మాట వినిపిస్తుంది, అదీ విలపించేవాని పూర్వస్మృతిగానే. మిగిలినదంతా మనుషుల గొంతులే. కాథ్లీన్ ఓ'కానర్ 2002లో వెలువరించిన తన అధ్యయనంలో ఈ మౌనాన్ని గ్రంథపు లోపంగా గాక, బాధితుని గొంతుకు స్థలమిచ్చే పద్ధతిగా విలువ కట్టింది.

ఆ గ్రంథం 5:20లో అడిగే ప్రశ్నలో రెండు క్రియలున్నాయి. 'షాఖహ్' అంటే మరచుట, 'ఆజబ్' అంటే విడుచుట. మమ్మల్ని శాశ్వతంగా ఎందుకు మరచావు, ఇన్ని దినాలు ఎందుకు విడిచావు అన్నది దాని తాత్పర్యం. యెషయా 49:14లో సీయోను నోట సరిగ్గా ఈ రెండు క్రియలే వస్తాయి, అయితే క్రమం తిరగబడుతుంది: ముందు విడుచుట, తరువాత మరచుట. పూర్వగ్రంథంలోని పదాలను తలకిందుల క్రమంలో తిరిగి వాడడం హీబ్రూ లేఖనాలలో ఉదాహరణ పద్ధతులలో ఒకటని మోషే సైడెల్ గుర్తించాడు. ద్వితీయ యెషయా విలాపవాక్యములను ఎదురుగా ఉంచుకొని రచన సాగించాడన్న వాదాన్ని పాట్రీషియా టల్ విల్లీ (1997), బెంజమిన్ సోమర్ (1998), టాడ్ లినఫెల్ట్ (2000) వేర్వేరు దారుల్లో బలపరిచారు. రెండు క్రియల జంట ఒక్కటే అయితే దానిని యాదృచ్ఛికమనుకోవచ్చు. తరువాతి వచనంలోని తల్లి ఉపమానం ఆ అనుమానానికి తావివ్వదు.

3. తల్లి ఉపమానం: కడుపుతీపి కూడా ఓడిన చోట

15వ వచనాన్ని సాధారణంగా కైముతిక న్యాయంగా చదువుతారు. తల్లి బిడ్డను మరువదు. తల్లికన్న గొప్పవాడైన దేవుడు మరువడని వేరే చెప్పాలా అన్న ధోరణి అది. ఉపదేశాలలో ఈ ధోరణిదే రాజ్యం. పాఠం మాత్రం ఆ దారిలో నడవడం లేదు. తల్లి మరచునా అని ప్రశ్నించి, శ్రోత 'మరువదు' అనుకునేలోపే, వారు కూడా మరచే అవకాశాన్ని అంగీకరిస్తుంది. మూలంలోని 'గమ్' అనే చిన్న పదం, 'సైతం' అన్న అర్థంలో, ఈ అంగీకారాన్ని నొక్కి చెబుతుంది. అంటే ఉపమానం తాను నిలబడిన నేలనే తవ్వుకుంటుంది.

ఇలా ఎందుకు జరిగింది? విలాపవాక్యములు 4వ అధ్యాయం తెరిస్తే కారణం తెలుస్తుంది. ముట్టడి కాలంలో చంటిపిల్ల నాలుక దాహంతో అంగిటికి అంటుకుపోవడం, నక్కలైనా పిల్లలకు చన్నిస్తుండగా ప్రజల కుమారి నిప్పుకోడిలా కఠినురాలు కావడం అక్కడ వర్ణితం (4:3–4). పదవ వచనంలో అంతకు మించిన దారుణం ఉంది: దయగల స్త్రీల చేతులే కన్నబిడ్డలను వండుకున్నాయి. ఆ స్త్రీలకు వేసిన 'దయగల' అన్న విశేషణం 'రహమ్' ధాతువు నుంచి వచ్చింది. యెషయా 49:15లో తల్లి బిడ్డపై చూపే దయకు వాడిన పదమూ అదే ధాతువుది. తల్లి మరచునా అని యెరూషలేము వాసులను అడగడం అమాయకమైన ప్రశ్న కాదు. మరచిన తల్లులను, అంతకన్నా ఘోరానికి లోనైన తల్లులను ఆ నగరం కళ్లారా చూసింది. ఆకలి ముందు మాతృత్వం ఎలా ఓడిపోతుందో ఎరిగిన శ్రోతకు 'తల్లి ఎన్నటికీ మరువదు' అని చెబితే అది అబద్ధమవుతుంది. ప్రవక్త ఆ అబద్ధం చెప్పలేదు.

'రహమ్' ధాతువుకూ 'రెహెమ్', అంటే గర్భం, అన్న పదానికీ గల సంబంధాన్ని ఫిలిస్ ట్రిబుల్ 1978 నాటి తన గ్రంథంలో విస్తారంగా చర్చించింది. దయకు మూలస్థానం గర్భమన్న ఈ ఊహ తెలుగు పాఠకునికి పరాయిది కాదు. 'కడుపుతీపి' అన్న నుడికారం సరిగ్గా ఆ ఊహనే మోస్తుంది. అయినా మన అనువాదంలో ఈ బంధం నిలవలేదు. ఎక్కువగా వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో విలాపవాక్యములు 4:10 'వాత్సల్యము' అన్న మాటనూ, యెషయా 49:15 'కరుణించు' అన్న క్రియనూ ఎంచుకున్నాయి. రెండూ తమతమ చోట్ల తగిన పదాలే. వాత్సల్యం వత్సమన్న మాట నుంచి, అంటే ఆవుకు దూడపై గల ప్రేమ నుంచి వచ్చినది కనుక దానికి జన్మబంధం ఉంది. కరుణకు అది లేదు. రెండు చోట్లా రెండు పదాలు రావడంతో, ఒక గ్రంథం మోపిన గాయాన్ని మరొక గ్రంథం అదే పేరుతో పిలిచిందన్న సంగతి తెలుగు పాఠకునికి అందకుండా పోయింది. 'చంటిపిల్ల' అన్న ఎంపిక మాత్రం ప్రశంసనీయం. మూలపదం పాలుతాగే వయసు బిడ్డనే సూచిస్తుంది. బాలింత బిడ్డను మరచినా ఆమె రొమ్ము మరువనివ్వదు. వేళకు పాలు చేపుకొచ్చి గుర్తుచేస్తుంది. మరపు దేహానికే అసాధ్యమైన దశను ప్రవక్త ఎన్నుకున్నాడు. ఆ దశలోనూ పాలు ఇంకిపోయిన చరిత్ర వెనుక ఉండడం వల్లనే ఆ ఎంపికకు అంత బరువు వచ్చింది.

4. ఖండించినదీ, ఖండించనిదీ

సీయోను చేసిన ఆరోపణలు రెండు: విడిచాడు, మరచాడు. 15వ వచనంలోని ప్రత్యుత్తరం రెండవదానికి మాత్రమే సంబంధించినది. మూడుసార్లు తిరిగి వచ్చే క్రియ మరచుటే. విడుచుట ఊసు లేదు. వ్యాఖ్యాతలు ఈ మౌనం మీద తగినంతగా నిలవలేదనిపిస్తుంది.

నా అభిప్రాయంలో ఇది పరాకు కాదు. అయిదు అధ్యాయాల తరువాత, 54:7లో, తాను కొద్దిసేపు విడిచిన మాట నిజమేనని దేవుడే ఒప్పుకుంటాడు. అక్కడి క్రియ మళ్లీ 'ఆజబ్'. తరువాతి వచనంలో ముఖం దాచుకున్న సంగతినీ అంగీకరిస్తాడు. అంటే సీయోను మోపిన నేరారోపణలో ఒక భాగం రుజువైనట్టే. మరపు లేదు, ఎడబాటు మాత్రం జరిగింది. ఆ ఎడబాటు 'కొద్దిసేపు' మాత్రమేనా అని నలభై అయిదేళ్లు చెరలో గడిపినవారు అడగవచ్చు. పాఠం ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. కానీ నీకు అలా అనిపించిందంతే, నిజానికి నేను ఎక్కడికీ పోలేదు అని బాధితురాలి అనుభవాన్ని కొట్టిపారేయదు. మన ఉపదేశ సాహిత్యంలో అత్యధికభాగం ఆ కొట్టిపారేయడంతోనే మొదలవుతుంది.

54:4లో మరొక విశేషముంది. యౌవనకాలపు అవమానాన్ని నీవు మరచిపోతావని సీయోనుకు వాగ్దానం లభిస్తుంది. దేవుడు మరువడు, ఆమెకు మాత్రం మరచే వీలు కల్పిస్తాడు. యోసేపు తన పెద్దకొడుకుకు మనష్షే అని పేరు పెట్టిన సందర్భం (ఆదికాండము 41:51) కూడా ఇటువంటిదే. కష్టాన్ని మరపింపజేశాడన్నది ఆ పేరుకు చెప్పిన అర్థం.

5. అరచేతి చెక్కడం

16వ వచనంలోని ప్రతీకకు మూలక్రియ 'హాకక్'. రాతిలోనో పలకపైనో చెక్కడం, తొలవడం దాని అర్థం. తెలుగు అనువాదం 'చెక్కు' అన్న క్రియనే ఎంచి మేలు చేసింది. 'వ్రాయు' అని ఉంటే ప్రతీక సగం చచ్చిపోయేది. రాసినది చెరిగిపోతుంది. చెక్కడానికి ముందు చర్మం తెగాలి.

ఇదే గ్రంథంలో 44:5లో ఒకడు తాను యెహోవా సొత్తునని తన చేతిపై రాసుకుంటాడు. ఆనాటి బబులోనులో యజమాని పేరును బానిస చేతిపై గుర్తుగా వేసే ఆచారానికి కీలాక్షర పత్రాలలో ఆధారాలున్నాయి. చెరలో ఉన్నవారికి ఆ గుర్తులు నిత్యం కనబడేవే. ఈ నేపథ్యంలో 49:16ను చదివితే బంధం దిశ మారినట్టు గోచరిస్తుంది. దాసుని చేతిపై యజమాని పేరు ఉండవలసిన చోట, యజమాని అరచేతులపై దాసి పేరు ఉంది. ప్రవక్త ఈ తలకిందులు చేయడాన్ని ఉద్దేశించాడని నిరూపించలేం. 44:5 పక్కన పెట్టి చదివే పాఠకుడు దానిని చూడకుండా ఉండడం కూడా కష్టమే. ఈ చెక్కడాన్ని సిలువ మేకుల గాయాలకు ముందుసూచనగా చదవడం క్రైస్తవ భక్తిసంప్రదాయంలో ఉంది. అది తరువాతి విశ్వాసపు పఠనం. ఈ వచనపు ప్రథమ శ్రోతలది కాదు.

వచనం రెండవ సగం ప్రాకారాల గురించి. నీ ప్రాకారాలు నిత్యం నా ఎదుట ఉన్నాయని దేవుడంటాడు. ఆ మాట అన్ననాటికి ప్రాకారాలు లేవు, శిథిలాలున్నాయి. ఎదుట ఉన్నది కూలిన గోడల దృశ్యమా, కట్టబోయే గోడల నమూనానా? లగాషు పాలకుడు గుడియా తన ఒడిలో ఆలయపు పటాన్ని పెట్టుకొని కూర్చున్న శిల్పం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అది క్రీ.పూ. 2100 ప్రాంతానిది కనుక యెషయాతో నేరుగా ముడిపెట్టలేం. నిర్మాణపు పటాన్ని దేహానికి దగ్గరగా ఉంచుకోవడమన్న ఊహ మెసొపొటేమియాలో ప్రాచీనమైనదని మాత్రం చెప్పవచ్చు. తరువాతి వచనం నమూనా వైపే మొగ్గుతుంది. సంప్రదాయ హీబ్రూ పాఠం అక్కడ 'నీ కుమారులు' త్వరపడుతున్నారంటుంది. కుమ్రాన్ గుహలో 1947లో దొరికిన యెషయా చుట్టలో, ప్రాచీన గ్రీకు అనువాదంలో 'నీ కట్టేవారు' అన్న పాఠం ఉంది. హీబ్రూలో రెంటికీ తేడా ఒక్క అచ్చు. తెలుగు అనువాదం 'కుమారులు' అన్న పాఠాన్నే అనుసరించింది. ప్రాకారాల ప్రస్తావన వెంటనే రావడం వల్ల 'కట్టేవారు' అన్నది ఎక్కువ పొసగుతుందని నా భావన. ఏది స్వీకరించినా, జ్ఞాపకమన్నది ఇక్కడ తలపులో నిలుపుకోవడంతో ఆగడం లేదు. తాపీపని దాకా పోతుంది. 'జాఖర్', అనగా జ్ఞాపకం చేసుకొనుట, అన్న హీబ్రూ క్రియకు పూనుకొని పనిచేయడమన్న అర్థం అంతర్లీనమని బ్రెవర్డ్ చైల్డ్స్ 1962లోనే చూపించాడు. హన్నా తనను మరువవద్దని మొక్కుకోవడం, యెహోవా ఆమెను జ్ఞాపకం చేసుకోగానే ఆమె గర్భం ధరించడం (1 సమూయేలు 1:11, 19–20) అందుకు చక్కని ఉదాహరణ.

6. మరువనితనం ఎవరికి భయం?

దేవుడు మరువడన్నది అన్నివేళలా ఊరట కాదు. ఆమోసు 8:7లో, పేదలను తొక్కి, తప్పుడు త్రాసులతో ధాన్యం అమ్మే వర్తకులను ఉద్దేశించి, వారి క్రియలలో దేనినీ ఎన్నటికీ మరువనని యెహోవా ఒట్టుపెట్టుకుంటాడు. క్రియ అదే, ప్రతిజ్ఞా అదే. వినేవాడు మారగానే అది శిక్షావాక్యమైంది. ఆ వర్తకుని వాకిట నిలబడిన పేదవానికి మాత్రం ఆ ఒట్టే ఊరట. హోషేయ 4:6లో యాజకుల పిల్లలను మరచిపోతానని దేవుడు బెదిరిస్తాడు. యెషయా 43:25లో పాపాలను జ్ఞాపకం ఉంచుకోనంటాడు. ఇవన్నీ ఒకేచోట పెట్టి చూస్తే మరువనితనాన్ని దేవుని స్థిరలక్షణంగా నిర్వచించే సిద్ధాంతగ్రంథాల ధోరణి లేఖనానికి పూర్తిగా సరిపోదని తేలుతుంది. అది ఒకరు అడగగా మరొకరు ఇచ్చే మాట.

7. తెలుగులో మొర

'అడగందే అమ్మైనా పెట్టదు' అన్న సామెత మొర సాహిత్యానికంతటికీ వ్యాఖ్యానంగా పనికొస్తుంది. దేవునిపై నిష్ఠూరమాడడం తెలుగు భక్తిసాహిత్యంలో దోషం కాదు, గుణం. గోల్కొండ చెరలో ఉన్న కంచర్ల గోపన్న రామునికి చేయించిన నగలను, పెట్టిన ఖర్చును లెక్కగట్టి నిలదీస్తాడు. మరొకచోట తన మాట భర్త చెవిన వేయమని సీతమ్మను వేడుకుంటాడు. ఈ రెండవదాన్ని యెషయాతో పోల్చితే ఒక ముఖ్యమైన భేదం కనిపిస్తుంది. వైష్ణవంలో పురుషకారం అమ్మవారిది. తండ్రి మరచినప్పుడు గుర్తుచేసే తల్లి వేరుగా ఉంది. యెషయాలో అటువంటి మధ్యవర్తిని లేదు. నిందపడినవాడే తల్లి గొంతును కూడా ధరించవలసి వచ్చింది. అందుకే ఆ గొంతులో అంత తడబాటు, తల్లులు సైతం మరచే అవకాశం ఉందన్న ఆ ఒప్పుకోలు.

జాషువ 'గబ్బిలము' (1941) మధ్యవర్తిత్వాన్ని మరొక కొసకు తీసుకుపోయింది. ఆలయప్రవేశం లేని నిరుపేద తన సందేశాన్ని శివునికి చేరవేయడానికి గుడిలో వేలాడగల గబ్బిలాన్ని ఎంచుకుంటాడు. అర్చకుడు దగ్గర లేని సమయం చూసి విన్నవించమంటాడు. క్రైస్తవ కుటుంబంలో పెరిగి తరువాత 'క్రీస్తుచరిత్ర' రాసిన కవి ఇది రాశాడన్నది గమనార్హమే గాని, దానిని బట్టి యెషయా ప్రభావాన్ని ఊహించడం సరికాదు. కావ్యపు నిర్మాణం సందేశకావ్య సంప్రదాయానిది. పోలిక ప్రభావంలో లేదు, ప్రశ్నలో ఉంది. గబ్బిలము కథానాయకునికి దేవుడు మరచాడా అన్నదానికన్నా ముందు, తన మాట దేవుని దాకా పోనిచ్చారా అన్న అనుమానం ఉంది. సీయోనుకు ఆ అనుమానం లేదు. ఆమె నేరుగా అనగలిగింది, నేరుగా విన్నది. మరవబడినవారందరి మొరా ఒకటే అనుకొని 49:15ను అందరికీ ఒకే మోతాదులో పంచిపెట్టే అలవాటును ఈ భేదం ప్రశ్నిస్తుంది. గుడి బయట నిలబెట్టబడినవానికి 'దేవుడు నిన్ను మరువలేదు' అని గుడిలోపలి నుంచి చెప్పే మాట, ఎంత సత్యమైనా, మరో రకంగా వినబడుతుంది.

మొరను కోల్పోయిన భక్తి న్యాయాన్ని గురించి అడగడం కూడా మానేస్తుందని వాల్టర్ బ్రూగమన్ 1986లో ఒక వ్యాసంలో హెచ్చరించాడు. ఆయన పాశ్చాత్య క్రైస్తవ ఆరాధనను దృష్టిలో ఉంచుకొని రాశాడు. మన వేదికల మీద 13వ, 44వ, 88వ కీర్తనలు ఎంత అరుదుగా వినబడతాయో ఎరిగినవారికి ఆ హెచ్చరిక దూరదేశపుదిగా తోచదు.

8. ఏడు విశ్రాంతిదినాలు

మొరకూ ఊరటకూ నడుమ కాలం పట్టాలన్న గ్రహింపు యూదుల పఠనక్రమంలో నిలిచి ఉంది. దేవాలయ వినాశనాన్ని స్మరించే ఆబ్ మాసపు తొమ్మిదవ దినాన విలాపవాక్యములు చదువుతారు. చివరి వచనం కటువుగా ఉండడంతో దాని ముందరి వచనాన్ని మళ్లీ చదివి ముగిస్తారు. తరువాతి ఏడు విశ్రాంతిదినాలలో యెషయా నుంచి ఏడు ఊరట భాగాలు వస్తాయి. మొదటిది 40వ అధ్యాయం ఆరంభం. తన ప్రజలను ఓదార్చమన్న ఆజ్ఞ అందులోనిది. రెండవ వారపు భాగం సరిగ్గా 49:14 దగ్గర, అంటే ప్రత్యుత్తరం దగ్గర గాక నింద దగ్గర, మొదలవుతుంది.

పద్నాలుగవ శతాబ్దానికి చెందిన స్పెయిన్ పండితుడు దావీదు అబుదర్హామ్ ఈ వరుసను ఒక సంభాషణగా వ్యాఖ్యానించాడు. ఓదార్చమని దేవుడు ప్రవక్తలను పంపుతాడు. సీయోను వారి ఓదార్పును అంగీకరించక, దేవుడు తనను విడిచాడని బదులిస్తుంది. మూడవ వారం 54:11తో మొదలవుతుంది. ప్రవక్తలు తిరిగివెళ్లి, ఆమె ఇంకా ఓదార్పు పొందలేదని దేవునికి నివేదిస్తారు. మరువనన్న మాట, అరచేతుల మాట అన్నీ విన్న తరువాత కూడా ఆమె పరిస్థితి అదే. ఆమెను ఎవరూ తప్పుపట్టరు. నాలుగవ వారపు భాగం 51:12. అక్కడ దూతలెవరూ లేరు. ఓదార్చేవాడను నేనేనని, 'నేను' అన్న మాటను రెండుసార్లు పలుకుతూ, దేవుడే స్వయంగా మాట్లాడతాడు.